రోడ్డవతలి రంగుల బొమ్మ

పోయిన నెలలో మా చిన్నమ్మాయి ఇనుము కోసే మిల్లింగ్ మిషన్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎంచుకుంది. ఇప్పుడు మా మిషన్ల షెడ్డు నడిపేది తనే. ఎంచుకుంది అనడం కూడా పెద్ద మాటే. నేను కాఫీ తాగుతూ ఉండగానే ఫోనులో నలుగురి అభిప్రాయాలు చదివి, ఒకటి రెండు వీడియోలు చూసి, "అయిపాయ నాయనా, దించుకుంటాండా" అంది. సాయంత్రానికల్లా తెరమీద ఒక గేరు బొమ్మ నీలం, పచ్చ రంగుల్లో గిరగిరా తిరుగుతోంది. చూడముచ్చటగా ఉంది. దాన్ని చూడగానే నేను చేసిన మొదటి పని కిటికీలోంచి రోడ్డవతలికి చూడడం. ఎందుకు చూశానో చెప్పాలంటే గనుల కాలం నాటి సంగతి చెప్పాలి.

నా ఈడు వాళ్లకు ఆ కాలాన్ని వర్ణించనక్కర్లేదు. సండూరు కొండల మీంచి ఇనుపరాయి లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని దిగుతుండేవి, బళ్ళారిలో తెల్లచొక్కా వేసుకుని గడప దాటినవాడు ఎర్రచొక్కాతో ఇంటికొచ్చేవాడు, మా మిషన్లలో పోసే నూనె కూడా ఎర్రబడేది. క్రషర్లు విరిగేవి, బెల్టులు తెగేవి, పంపులు అరిగేవి. ఏది పాడైనా మావంటి చిన్న షెడ్లకు పని. మాది ముగ్గురి షెడ్డు. లేతు మీద మా మేనమామ, మిల్లింగ్ మీద మా తమ్ముడు, అన్నిటి మీదా నేను. రోడ్డుకు అవతల మా తోడల్లుడి షెడ్డు, అంటే మా ఆవిడ అక్కగారి భర్తది. రెండు కుటుంబాలూ మిషనరీల కాలం నాటి సంఘంలోవే. ఆయన చర్చి కమిటీలో పెద్దమనిషి. నేనేమో చదువుకునే రోజుల్లోనే సంస్కరణ సభల్లో పడి, జవాబు దొరకని చోట మోకరించనని ఇంట్లో ప్రకటించినవాణ్ని.

అప్పట్లో మిల్లింగ్ మిషన్‌కు ఇచ్చే ఆజ్ఞలను మా తమ్ముడు ఒక్కో వరసా చేత్తో టైపు చేసేవాడు. చదరంగా ఉండే పలకలకు అది చాలు. వంపు తిరిగిన రెక్కలు కోయాలంటే మనిషి లెక్కకు అందదు, గీసిన బొమ్మను చూసి కత్తి నడవాల్సిన దారిని తానే రాసిచ్చే సాఫ్ట్‌వేర్ కావాలి. మా రోడ్డులో దాన్ని మొట్టమొదట కొన్నవాడు మా తోడల్లుడు. మంచి పేరున్న సాఫ్ట్‌వేర్, బెంగళూరు డీలరు. చర్చి అయ్యగారిని పిలిపించి కంప్యూటరు ముందు ప్రార్థన చేయించాడు, షామియానా వేసి బిరియానీ పెట్టాడు. తెరమీద రంగురంగుల చక్రం తిరుగుతుంటే చుట్టుపక్కల షెడ్ల వాళ్లంతా బారులు తీరి చూశారు. ప్రార్థన వల్ల మిషను బాగుపడదని వాదించగలను. కానీ షామియానా కింద కూర్చున్న ఆ జనాన్ని చూసి నా కడుపులో రేగిన మంటకు ఏ వాదమూ పనిచేయలేదు. ఇంటికి రాగానే మా ఆవిడ, "అక్కావాళ్ల కాడ కంప్యూటర్లో చక్రం తిరుగుతాండాది. మన కాడ ఏం తిరుగుతాండాది, నువ్వు తప్ప?" అంది.

అసూయను పాపమనే వాళ్లతో నాకు ఈనాటికీ పేచీ ఉంది. ఆ రోజుల్లో మా రోడ్డులోకి వచ్చిన ప్రతి కొత్త మిషనూ ఎదురు షెడ్డు వాడి మీది కుళ్లు వల్లే వచ్చింది, బ్యాంకువాడి దయ వల్ల కాదు. అయితే కుళ్లుకు ఒక చెడ్డ గుణం ఉంది, అది తర్కం చొక్కా తొడుక్కుని వస్తుంది. నేను ఆ సాఫ్ట్‌వేర్ వద్దని తీర్మానించుకున్నాను, కోయంబత్తూరు ఏజెంటు ఒకడు అమ్ముతున్న ఇంకొకటి మేలని పది కారణాలు పోగుచేశాను. పదకొండోది, అసలుది, అది మా తోడల్లుడి దగ్గర లేకపోవడం.

తొందర కూడా వచ్చిపడింది. ఇనుపరాయి కడిగే ఒక ప్లాంటువాళ్లకు బురదనీళ్లు తోడే పంపుల్లో వంపు రెక్కల చక్రాలు అరిగిపోతున్నాయి. ఆ చక్రానికి చెక్కతో అచ్చు చేసిపెడితే దాంతో పోత పోయించుకుంటారు. వానలు పడేలోపల ఎవరి అచ్చు సరిగ్గా వస్తే ఏడాది పొడవునా పని వాళ్లకేనని ప్లాంటు ఇంజనీరు రోడ్డుకు ఇటూ అటూ చెప్పిపోయాడు. సాఫ్ట్‌వేర్ తప్పు ఎంచుకుంటే మార్చుకునే వ్యవధి లేదు. పని అవతలికి పోతుంది, నేను బతికినన్నాళ్లూ దాన్ని కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలి.

మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది, నేను సభల నుంచి తెచ్చి పెట్టింది. పెద్ద నిర్ణయం ఏదైనా వాదించే తీసుకోవాలి, ఎవడైనా ముందు తనకు గిట్టని పక్షాన మాట్లాడాలి, అందులో దానికి వ్యతిరేకంగా ఒక్క ముక్క అనకూడదు, ఆ తర్వాతే తన మాట. కరెంటు పోయినప్పుడు సభ. కుడతినిలో థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనుచూపు మేరలో కరెంటు పుట్టిస్తూ ఉన్నా మాకు మధ్యాహ్నమయ్యేసరికి పోయేది, కాబట్టి సభలకు కొదవ లేదు. ఈసారి నేను ఏదో రకంగా తప్పించుకోబోతే మా మేనమామ బీడీ ఆర్పి, "నువ్వు తిట్టబోయేదాన్ని ముందు నువ్వే పొగడల్ల. రూలు నువ్వు పెట్టిందే గదప్పా" అన్నాడు.

పొగడాలంటే సాక్ష్యం కావాలి. ఆ సాఫ్ట్‌వేర్ కోసిన ముక్క ఒకటి బల్ల మీద పెట్టి మాట్లాడదామని, పళ్లు బిగబట్టుకుని రోడ్డు దాటాను. మా తోడల్లుడు, "రాప్పా రా, ఆ కుర్చీలో కూర్చో, తిరిగే కుర్చీ అది" అని కూర్చోబెట్టి, చక్రాన్ని పైనుంచి, కిందనుంచి, పక్కనుంచి తిప్పి చూపించాడు. నా కళ్లలో నిప్పులు పోసినట్టే ఉంది. అది కోసిన ముక్క ఒకటి ఇయ్యన్నా, చెడిపోయిందైనా సరే అన్నాను. ఆయన కాఫీ తెప్పించాడు. మళ్లీ అడిగాను. బిస్కెట్లు తెప్పించాడు. మిషను వైపు చూస్తే దాని మీద ప్రార్థన నాడు కప్పిన గుడ్డ అలాగే ఉంది.

"ముక్క యాడిదప్పా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "బొమ్మ దండిగా వస్తాది. మిషన్‌కు పంపితే మాత్రం ఉలకదు, పలకదు. దీని భాష దానికి తెలీదంట. డీలరు వచ్చి సరిచేయల్ల, రేపొస్తా, ఎల్లుండొస్తా అంటాండాడు. మీ వదినకు గూడా చెప్పలే. నీ సభలో చెప్తివంటే ఊరంతా నవ్వుతారు."

చెప్పనని మాటిచ్చాను. ఆయనే ఇప్పుడు దాన్ని అందరికీ చెప్పుకుని నవ్వుతాడు కాబట్టి రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం సభలో నేను మాట్లాడినట్టు జీవితంలో మళ్లీ మాట్లాడలేదు. గిట్టనిదాన్ని మెచ్చుకోవడంలో నాకు తర్ఫీదు ఉంది. పైగా ఆ రంగుల చక్రం మీద నాకున్న ఆశంతా మాటల్లోకి వచ్చేసింది. నేను ముగించేసరికి మా తమ్ముడు, "అన్నా, నువ్వు చెప్తాంటే నాకు అదే తెచ్చుకోవాలనిపిస్తాండాది" అన్నాడు. మా మేనమామ, "ఊరికే ఇంకెందుకు వాదం, అదే తెద్దాం" అన్నాడు. నా నోటితోనే నా షెడ్డును ముంచేటట్టున్నాను. ఒక్క మాట చెబితే చాలు, గెలుస్తాను. ఆ ఒక్క మాటే చెప్పకూడదు.

నా రెండో వంతు వచ్చినప్పుడు లేచి, పోగుచేసుకున్న పది కారణాలనూ పక్కనపెట్టి ఒకటే అడిగాను. బొమ్మలు చూసి ఎవరు దేన్ని నమ్మినా మనం నమ్మకూడదు, నన్ను కూడా నమ్మకండి, ఇద్దరినీ మన షెడ్డుకే రమ్మందాం, మన మిషన్ మీద, మన కళ్లముందు చెక్కలో ఒక వంపు రెక్క కోసిన వాడిదే తీసుకుందాం అన్నాను. మా మేనమామ నా మొహం వంక చూసి, ఇంత కుదురుగా మాట్లాడుతున్నాడంటే రోడ్డవతల ఏదో చూసొచ్చాడని పసిగట్టినట్టే ఉన్నాడు గాని, ఏమీ అడగకుండా చెయ్యెత్తాడు.

బెంగళూరు డీలరు మమ్మల్నే తన ఆఫీసుకు రమ్మన్నాడు. కోయంబత్తూరు ఏజెంటు బస్సు దిగి వచ్చి, మా మిషనుకు అర్థమయ్యేదాకా ఆ వరసలు మళ్లీ మళ్లీ మారుస్తూ కూర్చున్నాడు. వాడి తెర బూడిదరంగు, దాని మీద పిచ్చిగీతలు, తిరగడమన్నదే లేదు. కానీ చెక్కలో రెక్క తెగింది. వానలకు ముందే మా అచ్చుతో పోసిన చక్రం ప్లాంటు పంపులో తిరిగింది, పని మాకొచ్చింది.

నేను గెలిచాను కదా, ఇక మంట చల్లారి ఉండాలి. ఒప్పందం ఖాయం చేసిన రోజు ఆ ప్లాంటు ఇంజనీరు నా చేయి ఊపి, "ఎదురు షెడ్లో ఏదో రంగుల చక్రం తిరుగుతాదంట గదా, అది చూపిస్తారా?" అని అడిగాడు. నేనే రోడ్డు దాటించి తీసుకుపోయాను. ఆయన ఆ తిరిగే కుర్చీలో కూర్చుని నోరు తెరిచి చూశాడు, మా తోడల్లుడు నా వైపు చూసి మీసంలో నవ్వాడు. మా ఇంటికి చుట్టాలొచ్చినా మా ఆవిడ వాళ్లను అవతలికే తీసుకెళ్లేది. మన దాంట్లో చూసేకి ఏముండాది, ఇనుము తప్ప అనేది.

తర్వాత ఆయన సాఫ్ట్‌వేరూ దారికొచ్చింది. ఆయన కొత్త మిషను దించితే నేనూ దించాను, నేను షెడ్డు పెంచితే ఆయన మిద్దె వేశాడు. ఒకరి మిషను చప్పుడు ఆగితే ఇంకొకరు కిటికీ దగ్గరకు వచ్చేవాళ్లం. గనులు మూతబడ్డాక ఆ చప్పుడు ముందు అవతల ఆగింది. మేము ఎలాగో ఈదుకొచ్చాం. ఆయన మిషన్లు అమ్మేసి తెక్కలకోట దగ్గర మా మామగారి వరిపొలం చూసుకుంటున్నాడు. ఆ షెడ్డు ఇప్పుడు టైల్సు గోడౌను. ఎప్పుడూ షట్టరు దించే ఉంటుంది.

అందుకే మా అమ్మాయి తెరమీద గేరు తిరుగుతున్న ఆ సాయంత్రం ఆయనకు ఫోను చేశాను. నా కాడ గూడా రంగుల బొమ్మ తిరుగుతాందన్నా, నీదానికంటే బాగుండాది అన్నాను. అవతల పొలంలో నీళ్ల మోటారు చప్పుడు వినబడుతోంది.

"కోస్తాందా?" అని అడిగాడు.

కోస్తాందన్నాను. ఆయన గొంతులో ఆ పాత కారం కొంచెమైనా తగులుతుందేమోనని చెవి రిక్కించి ఆగాను.

"మంచిదిలేప్పా, పిల్ల బాగుపడనీ" అన్నాడు, నిజంగా సంతోషపడుతూ. ఆ రంగుల చక్రం అన్నేళ్లలో ఒక్కనాడు కూడా నన్ను అంతగా బాధపెట్టలేదు.