కవరులో పెట్టిన ఎత్తు

ఓడిపోయిన ఆటకు డ్రా సంపాదించినవాణ్ని నేను. అదీ బల్ల ముందు కూర్చుని చెమటోడ్చి కాదు. పార్కులో, ఒక చేత్తో కాల్చిన మొక్కజొన్న పొత్తు పట్టుకుని బేరం మొదలుపెట్టి, నాలుగు రోజుల్లో గెలవాల్సిన మనిషి నోటితోనే "సరే, డ్రా చేసేద్దాం" అనిపించాను. కాన్‌బెర్రాలోని ఆ చెస్ క్లబ్బులో జుట్టు నెరిసిన మహామహులెవరికీ చేతకాని పని అది. తెనాలి బట్టల కొట్లో గల్లాపెట్టె వెనక కూర్చున్న మా మూడు తరాల వాళ్ళు చూసి ఉంటే లేచి వచ్చి నా వీపు తట్టేవారు. అంత తెలివైన పనీ, అంత తెలివితక్కువ పనీ నేను మళ్ళీ చేయలేదు.

ఎనభైల చివరి సంగతి. నేను ప్రభుత్వ కార్యాలయంలో మ్యాపులు గీసేవాణ్ని. శనివారం మధ్యాహ్నాలు స్కౌట్ల హాల్లో చెస్ ఆడేవాణ్ని. రేకుల కప్పు, చెక్క నేల. చలికాలంలో ఎవరూ కోటు విప్పేవారు కాదు. వెనక వంటగదిలో టీకి నీళ్ళు మరుగుతుండేవి, పక్కనే బిస్కట్ల డబ్బా. నేను ఒక బిస్కట్టు తీసుకుంటే వెనకే ఎవరో ఒకరు వచ్చి డబ్బా మూత గట్టిగా నొక్కి వెళ్ళేవారు. నేనూ తక్కువవాణ్ని కాదు, రెండోది తీసుకోవడానికి వాళ్ళు చూస్తుండగానే మళ్ళీ వెళ్ళేవాణ్ని.

వాళ్ళకు నా మీద అంత మంట ఎందుకంటే, నేను డ్రా అడుగుతాను. ఎత్తు వేసి, గడియారం నొక్కే ముందు ఒక్కసారి అడగవచ్చు. కాదంటే నోరు మూసుకుని ఆడుకోవాలి. అది మర్యాద. మా కొట్లో మాత్రం కొనేవాళ్ళు "వద్దు" అన్నాకే అసలు బేరం మొదలవుతుంది. మూడు ఎత్తులకోసారి అడిగేవాణ్ని. నిట్టూర్చి అడిగేవాణ్ని. జాలిపడుతున్నట్టు మొహం పెట్టి అడిగేవాణ్ని. డ్రా అయితే చెరో అర పాయింటు కాబట్టి నాకు 'హాఫ్ పాయింట్' అని పేరు పెట్టారు. పోటీలు నడిపే పెద్దాయన రిటైరైన రైలు డ్రైవరు. ఓసారి నా బల్ల దగ్గరికి వచ్చి, అక్కడివాళ్ళు స్నేహంగా పిలిచే 'మైట్' అన్న పిలుపుతోనే, అందరికీ వినపడేలా అన్నాడు.

"మైట్, ఇది కూరగాయల మార్కెట్టు కాదు. ఇంకోసారి అడిగితే నీ టైములో పది నిమిషాలు కోస్తాను."

"ఐదు చేసుకోండి," అన్నాను.

నవ్వలేదు. పది కోశాడు.

ఆ క్లబ్బులో ఎవరైనా ఆట నేర్చుకునేది బల్ల మీద కాదు, ఆ వంటగదిలో. ఆట అయ్యాక గెలిచినవాడూ ఓడినవాడూ అక్కడ కూర్చుని మొదటి నుంచీ ఎత్తులు తిరగేసేవారు. ఇక్కడ నువ్వేం అనుకున్నావు, నేనేం భయపడ్డాను అని ఒకరికొకరు విప్పి చెప్పుకునేవారు. దాన్ని పోస్ట్‌మార్టం అనేవాళ్ళు. నేను వెళ్ళేవాణ్ని కాదు. బట్ట ఎంతకు కొన్నామో అమ్మాక మాత్రం ఎందుకు చెప్తాం? ఫలితంగా నాలుగేళ్ళలో నా ఆట మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది. దానికి కారణం వాళ్ళ కుళ్ళుబోతుతనమని మా ఆవిడకు వారం వారం చెప్పేవాణ్ని.

అప్పుడొచ్చింది ఆమె. బాపట్ల వైపు మనిషి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. తండ్రి మిషన్ స్కూల్లో మాస్టారు, చిన్నప్పుడు ఆయనే ఆట నేర్పాడట. ఆ హాల్లో తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరమే. అందుకని మేమిద్దరం ఒకటని మిగతావాళ్ళ నమ్మకం. నిజానికి మాకు క్షణం పడేది కాదు. ఆమె ఓడిన ప్రతి ఆటకూ వంటగదిలో కూర్చునేది, సిగ్గుపడకుండా అడిగేది, మళ్ళీ ఓడేది, మళ్ళీ అడిగేది. ఏడాది తిరిగేసరికి కొత్తవాళ్ళు ఆడే సి గ్రేడు దాటి, బి గ్రేడులో నా పక్కకు వచ్చి కూర్చుంది.

"మీరు ఆడేది చెస్ కాదన్నయ్యా," అంది ఓ రోజు. "ఎదుటోళ్ళ ఓపిక ఎంతుందో కొలుస్తారు."

"గజంబద్ద పట్టిన చెయ్యి కదమ్మా."

"నా దగ్గర కొలవమాకండి. వార్డులో నైట్ డ్యూటీలు చేసినదాన్ని. మీ బద్ద చాలదు."

ఇంత మాట అన్న మనిషే గురువారం గురువారం మా ఇంటికి కారేసుకుని వచ్చేది. నా కోసం కాదు. మా ఆవిడకు డ్రైవింగ్ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆమె తీసుకెళ్తేనే ఇంగ్లీషు క్లాసు, ఆమె తీసుకెళ్తేనే బజారు. వాళ్ళిద్దరూ వంటింట్లో నవ్వుకుంటుంటే నేను హాల్లో పేపరు గట్టిగా తిరగేసేవాణ్ని.

ఏటా మా క్లబ్బు నుంచి నలుగురి జట్టు సిడ్నీ వెళ్ళి అక్కడి క్లబ్బులతో ఆడేది. ఆ ఏడు మూడు బల్లలు పై గ్రేడు వాళ్ళవి. నాలుగోది బి గ్రేడులో మొదట నిలిచినవాళ్ళకు. ఆఖరి ఆట ఆమెకూ నాకూ పడింది. నేను అర పాయింటు ముందున్నాను. డ్రా అయితే చాలు, నేను వెళ్తాను. ఆమె వెళ్ళాలంటే గెలవాలి. క్లబ్బు జట్టులో అంతవరకు ఆడమనిషి ఆడలేదు. ఆమె ముందే ఆసుపత్రిలో సెలవు అడిగి పెట్టుకుంది, తండ్రికి ఉత్తరం కూడా రాసిందని మా ఆవిడ చెప్పింది. తొందరపాటు, అన్నాను నేను.

నాలుగు గంటలు ఆడాం. తేలలేదు. అలా తేలని ఆటను ఆ రోజుల్లో వచ్చే వారానికి వాయిదా వేసేవారు. ఎవరి వంతు అయితే వాళ్ళు తర్వాతి ఎత్తును ఎవరికీ చూపకుండా కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించాలి. కవరు పెద్దాయన దగ్గర ఉంటుంది. వారం తర్వాత అది తెరిచి అక్కణ్నించి కొనసాగిస్తారు. వంతు నాది. బల్ల మీద చెరో ఏనుగు, నాలుగైదు బంట్లు మిగిలాయి. ఆమె బంటు ఒకటి ముందుకు దూసుకొస్తోంది. నా ముందు రెండు దారులున్నాయి. ఏనుగును నెమ్మదిగా ఆ బంటు వెనక్కి చేర్చడం ఒకటి, ఆమె రాజుకు చెక్ చెప్పడం రెండోది. చెక్ చెప్తే ఎదుటివాళ్ళు ఉలిక్కిపడతారు కదా. అది రాసి అంటించేశాను.

కారులో రౌండెబౌట్ దగ్గరికి వచ్చేసరికి తెలిసింది. ఆ చెక్‌తో ఆమె రాజును అది వెళ్ళాలనుకుంటున్న చోటికే నేను తోలాను. వెళ్ళి తన బంటును కాచుకుంటుంది, ఇక ఆ బంటు చివరి గడి చేరి మంత్రి కాకుండా ఆపడం నావల్ల కాదు. మా ఇంటి దారి వదిలేసి ఆ రౌండెబౌట్ చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఏనుగు వెనక్కి వేసి ఉంటే హాయిగా డ్రా.

మర్నాడు ఆదివారం. ఒక తెలుగు డాక్టరుగారి పాప పుట్టినరోజు, చెరువు పక్కన పార్కులో బార్బీ, అంటే నిప్పుల మీద కాల్చుకు తినే విందు. ఆమె చర్చి నుంచి నేరుగా వచ్చింది. నేను జేబులోంచి చిన్న అయస్కాంతం బోర్డు తీసి, మా ఆటను పేర్చి, ఏనుగును ఆమె బంటు వెనక పెట్టాను.

"ఏనుగు ఇక్కడుంటే ఏం చేస్తావు చెల్లెమ్మా?"

"ఇక్కడ పెట్టారా?"

"పెట్టానన్నానా? ఉంటే అంటున్నా."

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. "ఉంటే ఏముంది, డ్రాయే. అదే చెక్ ఇచ్చుంటే మాత్రం మీ పని ఫినిష్." వేలితో రాజును ఒక గడి, ఇంకో గడి ఎక్కించింది. "ఇట్టా ఎక్కుద్ది, బంటు నడుస్తది. పది ఎత్తులు. కానీ అంత పిచ్చి ఎత్తు మీరు వెయ్యర్లెండి. మీరంటే నాకు పడదు గానీ, చివరాట తెలుసు మీకు."

నేను మొక్కజొన్న కొరికాను.

"శనివారం నీకు మార్నింగ్ షిఫ్టు కదా?"

"స్వాప్ చేసుకుంటున్నా. బదులు రెండు నైట్స్ చెయ్యాలి."

"డ్రా అయ్యే ఆటకు రెండు నైట్లా?"

"డ్రా అయితే టీములో మీరు. అందుకేగా ఈ ప్రేమ?"

"ప్రేమేంటమ్మా మన మధ్య. లెక్క చెప్తున్నా." అని పావులు ఒక్కొక్కటే తీసి పెట్టెలో సర్దేశాను. కొట్లో ఇది మా నాన్న పద్ధతి. కొనేవాళ్ళు తేల్చుకోకముందే చీర మడత పెట్టడం మొదలెట్టాలి. చెయ్యి చాచేది వాళ్ళే.

గురువారం మా ఆవిడను క్లాసు నుంచి దింపి డ్యూటీకి వెళ్ళాక, సాయంత్రం ఫోన్ చేసింది.

"ఏనుగు వెనక్కెళ్తే నాకేం లేదన్నయ్యా, అన్నీ చూశాను. ఒక్కటి సూటిగా చెప్పండి. అక్కడే పెట్టారా?"

"కవరులో ఏముందో చెప్పకూడదమ్మా. రూలు."

"ఏనాడు పట్టించుకున్నారు మీరు రూలు?" వెనక ఎవరో ఆమెను పిలుస్తున్నారు. "సరే, డ్రా చేసేద్దాం. చెప్పేయండి ఆయనకి."

ఫోన్ పెట్టకముందే పెద్దాయన నంబరు వెతికాను. రూల్సు పుస్తకం ముందే చూసి పెట్టుకున్నాను. కవరు తెరవకముందు ఇద్దరూ ఒప్పుకుంటే, లోపల ఏమున్నా డ్రా చెల్లుతుంది. ఆ కవరు ఇక చెత్తబుట్టలోకే అనుకున్నాను.

శనివారం నాలుగింటికి కొత్తవాళ్ళకు పాఠం ఉంటుందని నాకు తెలుసు. ఒక్కసారీ కూర్చోలేదు. వాయిదా పడ్డ ఆటల కవర్లు, డ్రా అయినవైనా సరే, అక్కడే తెరుస్తారనీ, ఆ ఎత్తును గోడకు వేలాడే పెద్ద బోర్డు మీద వేసి చూపిస్తారనీ, అలా ఏళ్ళుగా చేస్తున్నారనీ నాకెలా తెలుస్తుంది? ఆ రోజు జట్టు జాబితాలో నా పేరు చూసుకుందామని వెళ్ళి నిలబడ్డాను. పెద్దాయన కవరు చించాడు. చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. గోడ మీద ఏనుగును జరిపి, "చెక్," అన్నాడు.

వెనక తలుపు దగ్గర ఆమె ఉంది. షిఫ్టు అయ్యాక యూనిఫాంలోనే వచ్చింది. పాఠం ఎప్పుడూ మానేది కాదు. ఎవరినీ చూడకుండా ముందుకు నడిచి, "మే ఐ?" అని అడిగి, పది ఎత్తులూ తనే వేసింది, తనవీ నావీ. ఎందుకు గెలుస్తుందో కొత్తవాళ్ళకు ఇంగ్లీషులో నిదానంగా చెప్పింది. గొంతు ఎక్కడా మారలేదు. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"నేనెక్కడా అబద్ధం ఆడలేదు," అన్నాను, అడక్కుండానే.

"ఆడుంటే బాగుండేది. అబద్ధాలకోరని తిట్టుకుని మర్చిపోయేదాన్ని."

హాలు మొత్తానికి తెలుగు రాదు. అందరికీ అర్థమైంది.

"డ్రా నిలుస్తుంది," అన్నాడు పెద్దాయన. "రూలు అంతే. కానీ మైట్, జట్టులోంచి నువ్వు తప్పుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు."

అది ఆయన నాకిచ్చిన చివరి ధర. చాలా చవక. ముప్పై మంది నన్నే చూస్తున్నారు. ఆ చూపులకు లొంగితే నేను మా నాన్న కొడుకునే కాదనిపించింది.

"రూలు రూలే కదా," అన్నాను.

ఎవరో మూల నుంచి "షేమ్" అన్నారు. ఆమె అప్పటికే తలుపు దాటింది.

సిడ్నీకి మిగతా ముగ్గురూ ఒక కారులో వెళ్ళారు. వెనక సీటులో ఒక చోటు ఖాళీగా ఉంది. అందులో బ్యాగులు పెట్టుకున్నారు. నేను బస్సులో వెళ్ళాను. ఐదు ఆటలు ఆడాను, ఐదూ ఓడాను. ఎదుట కూర్చున్నవాళ్ళకు నా సంగతి ముందే చెప్పి ఉంచారు కాబోలు, డ్రా అని నోరు తెరిచేలోపే తల అడ్డంగా ఊపారు. జట్టు ఆఖరున నిలిచింది. తిరిగొచ్చాక ఎవరూ తిట్టలేదు. నా బల్ల పక్కన నడవడం మానేశారు.

ఆమె మళ్ళీ మా హాలుకు రాలేదు. యూనివర్సిటీ వైపు క్లబ్బులో చేరింది, రెండేళ్ళలో ఎ గ్రేడుకు వెళ్ళింది. ఒక పోటీలో నాకు ఎదురుపడితే గంటలోపు ఓడించి, కాగితం మీద సంతకం పెట్టి, లేచి వెళ్ళిపోయింది. నేను మొదటిసారి ఒకరితో పోస్ట్‌మార్టం చేద్దామని కుర్చీలోనే కూర్చున్నాను. రాలేదు.

మా ఆవిడ మొదటి గురువారం చీర మార్చుకుని కిటికీ దగ్గర నిలబడింది. రెండో గురువారం ఫోన్ చేసింది.

"ఎత్తట్లేదండీ."

"బిజీగా ఉండుంటుంది."

"మీరు గెలిచిందేంటో నాకోసారి చూపించండి. నేనూ చూస్తాను. ఇంట్లో ఎక్కడ పెట్టారు దాన్ని?"

ఇక లెక్క. నాకు వచ్చింది అర పాయింటు, సిడ్నీకి ఒక బస్సు ప్రయాణం, ఐదు ఓటములు. ఆమె ఇచ్చుకున్నది నాలుగో బల్ల. అది ఆమె గెలుచుకున్నది, నేను వాడుకుని పాడుచేసింది. మా ఆవిడ ఇచ్చుకున్నవి రెండు చలికాలాల గురువారాలు. ఇంగ్లీషు క్లాసు ఆగిపోయింది, తెలుగులో నవ్వే మనిషి ఇంకొకరు దొరకలేదు. తర్వాత నేనే కారులో తీసుకెళ్తానన్నాను, తను రానంది. వీళ్ళిద్దరిలో ఎవరికీ నేను తిరిగి ఇచ్చింది ఏమీ లేదు. ఎన్నిసార్లు వేసి చూసినా, నా వంతు కింద రాసుకోవడానికి నా సొంతమని చెప్పుకోదగ్గ నష్టం ఒక్కటీ దొరకలేదు. మొత్తం వాళ్ళే కట్టారు.