‘గాలిదుమ్ము’ వెంట గిద్దలూరు దాకా

కొత్తగా వచ్చిన రాక్, ఇండీ ఆల్బమ్‌ల గురించీ, మళ్ళీ విడుదలవుతున్న పాతవాటి గురించీ నెలనెలా ఒక వెబ్ పత్రికలో రాస్తుంటాను. ఏది తప్పకుండా వినాలో, ఏది వినకపోయినా నష్టం లేదో చెప్పడం నా పని. ఇంట్లో కూర్చుని హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటే జరిగిపోయే పనికి ప్రయాణాలు అక్కర్లేదు. ఈసారి మాత్రం ఒక క్యాసెట్టు స్పీడు సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి గుంటూరులో రైలెక్కాల్సి వచ్చింది.

ఆ క్యాసెట్టు పేరు ‘గాలిదుమ్ము’. మార్కాపురం నాగలక్ష్మి, గిద్దలూరులో ఉండే ఆమె పెదనాన్న కొడుకు శేషయ్య కాలేజీ రోజుల్లో ‘మెట్ట’ అనే పేరు పెట్టుకుని చేసిన ఆరు పాటలు. గొంతు ఆమెది, గిటారు అతనిది. కీబోర్డు కొనే స్తోమత లేక ఆమె తండ్రి భజనల హార్మోనియం వాడుకున్నారు. ఊరూపేరూ లేకుండా పోయిన ఆ క్యాసెట్టును హైదరాబాదులో చిన్న రికార్డు కంపెనీ నడిపే నా మిత్రుడు ఇప్పుడు ఎల్పీ రికార్డుగా వేస్తున్నాడు. తయారీకి పంపే ముందు పాటలు నాకూ, నాగలక్ష్మికీ పంపించాడు. నేను ఆ రోజంతా అవే విన్నాను. ఆమె మాత్రం, “ఇది నా గొంతు కాదు. స్పీడు పెంచినారు. ఇట్లయితే బయటికి రానియ్యను” అని ఫోన్ పెట్టేసిందట.

“టేపు తప్పయితే మొత్తం ఆపేస్తాను. తప్పు కాకపోతే ఆ మాట ఆవిడే అనాలి. నువ్వోసారి వెళ్ళి చూడరాదూ” అన్నాడు మిత్రుడు.

నంద్యాల వైపు వెళ్ళే పొద్దుటి రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. వినుకొండ దాటాక పచ్చదనం పలచబడి ఎర్రమట్టి మొదలవుతుంది. ఎదుటి సీట్లో ఒక పెద్దాయన. గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్ముకుని యర్రగొండపాలెం తిరిగి వెళ్తున్నాడు.

“ఏంది నాయనా, అప్పట్నుంచీ తల ఊపుతావుండావు?” అన్నాడు.

నా పనేమిటో చెప్పి ఒక ఇయర్‌ఫోన్ ఆయనకిచ్చాను. విశాఖ కుర్రాళ్ళు ముగ్గురు కొత్తగా చేసిన ‘అలారం’ పెట్టాను. అర నిమిషానికే పీకేశాడు.

“మోటారు పట్టేసినట్టుండాదే!”

సరేనని తిరుపతి అమ్మాయి ఒక్క గిటారుతో పాడిన ‘మిద్దె మీద వాన’ పెట్టాను. దొనకొండ వచ్చేలోపే ఇయర్‌ఫోన్ చెవిలో ఉండగానే గురక పెట్టాడు. మార్కాపురం రోడ్డు స్టేషనులో లేపితే, “ఈ బిడ్డ పాట బాగుండాది. ఇంత నిద్ర పట్టి శానా రోజులైంది” అంటూ దిగాడు. రెండు ఆల్బమ్‌లూ నా సిఫార్సులే. పొద్దున లేవడానికి మొదటిది, పడుకోవడానికి రెండోది అని మాత్రం ఆయన పుణ్యాన చేర్చుకోవాలి.

స్టేషను నుంచి మార్కాపురం ఊరు దూరమే. రైలు వచ్చే వేళకి షేర్ ఆటోలు సిద్ధంగా ఉంటాయి. పదకొండు దాటాక బజారులో దిగి నాగలక్ష్మిగారి బట్టల దుకాణం కనుక్కున్నాను. యాభై దాటిన మనిషి. జాకెట్ ముక్క కత్తిరిస్తూనే నన్ను ఎగాదిగా చూసింది.

“కంపెనీ వాళ్ళు పంపినోడివి నువ్వేనా తమ్ముడూ? ముందు అన్నం తిను. కొట్లాట తర్వాత పెట్టుకుందాం.”

దుకాణం మీదే ఇల్లు. గోంగూర పప్పు, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగు. చేతులు కడుక్కుని మొదటి పాట పెట్టాను. ముందు హార్మోనియం ఒకే స్వరం మీద నిలబడుతుంది, దాని మీదికి గిటారు దూకుతుంది, ఆ తర్వాత గొంతు. సన్నగా, పదునుగా, ఎక్కడా ఆగకుండా పైకి పోయే గొంతు.

“చూసినావా? ఎనిమిదో తరగతి పిల్ల పాడినట్టుండాది” అంది. “నా క్యాసెట్టు తెగిపోయేదాకా ఎన్నేండ్లు విన్నాననుకున్నావు? నా గొంతు నాకు తెల్దా?”

“ఈ టేపు ఎవరిచ్చారక్కా?”

“ఇంకెవురు, మా శేషన్న. నాతో ఒక్క మాట చెప్పకుండా ఇచ్చినాడు. అందుకే ఆయనతో మాట్లాడేది మానుకున్నా.”

ఆ హార్మోనియం ఇంకా ఉందా అని అడిగాను. వాళ్ళ నాయన పోయాక అది కూడా శేషన్న దగ్గరికే చేరిందట. అప్పుడు నాకు తోచింది చెప్పాను. టేపు వేగంగా తిరిగితే గొంతుతో పాటు హార్మోనియం శ్రుతీ పెరుగుతుంది. ఆ పెట్టె మీద పాట మొదట్లోని మెట్టే నొక్కి, పాటతో పోల్చి చూస్తే నిజం తెలిసిపోతుంది.

ఆమె లేచి కంచాలు సర్దసాగింది. గిద్దలూరు వెళ్ళడమంటే పంతం వదిలి ముందు తనే ఒక మెట్టు దిగాలి. గుమ్మం దగ్గర వింటున్న భర్త, “పొయ్యి రాపో. దుకాణం యాడికీ పోదు” అన్నాడు.

రెండింటికి కంభం మీదుగా పోయే బస్సెక్కాం. కంది చేలు, రాళ్ళ గుట్టలు, మళ్ళీ కంది చేలు. వెనక సీట్లో ఇద్దరు మార్కాపురం జిల్లా కావాలా వద్దా అని గట్టిగా వాదించుకుంటున్నారు. పాడటం ఎందుకు మానేశారని అడిగాను.

“ఎవురూ మానెయ్యమనలేదు తమ్ముడూ. పెళ్ళిండ్ల సీజను, పండగల బేరం, పిల్లోళ్ళ పరీక్షలు... రేపు పాడుదాంలే అనుకుంటా ఉండినా. అంతే.”

గిద్దలూరు బస్టాండుకి దగ్గర్లోనే శేషయ్య మోటార్లు చుట్టే షాపు. చేతికి రాగితీగ చుట్టుకుని ఉన్నాడు. చెల్లెల్ని చూసి లేచి నిలబడ్డాడు.

“రామ్మా. తిట్టేది లోపలికొచ్చి తిట్టు.”

సంగతి వినగానే అటక మీంచి హార్మోనియం దించాడు. గాలి కొట్టే తిత్తి రెండు చోట్ల చిరిగి ఉంటే ఇన్సులేషన్ టేపు అంటించాడు. “గిటారు తీగలు ఎట్లంటే అట్ల బిగించుకోవచ్చు. ఈ పెట్టె శ్రుతి మార్చేవోడు ఇంతవరకూ దీన్ని ముట్టుకోలేదు” అన్నాడు.

ఫోన్‌లో పాట మొదలుపెట్టాను. హార్మోనియం స్వరం వచ్చింది. శేషయ్య అదే మెట్టు నొక్కి పట్టాడు. ఫోన్‌లోదీ పెట్టెలోదీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

“మళ్ళా నొక్కు” అంది నాగలక్ష్మి. నొక్కాడు. తనే పెట్టె ముందుకి జరిగి నొక్కింది. మార్పు లేదు.

“మీ ఇంట్లో టేప్ రికార్డరు బెల్టు సాగిపోయింటాది లక్ష్మీ” అన్నాడు శేషయ్య మెల్లగా. “అది నిదానంగా తిరిగింది. ఇన్నేండ్లూ నీ గొంతు నువ్వు మందంగానే విన్నావు.”

“అంటే నేను ఇట్లనే పాడినానా?”

“ఇట్లనే పాడినావు.”

పాట మొదటినుంచి పెట్టమంది. ఈసారి వంకలు వెతకడానికి కాదు, వినడానికి విన్నది. చరణం చివర గొంతు పైకి లేచేచోట తనూ కలిపింది. సగంలో ఆగిపోయింది. దగ్గి, నీళ్ళు తాగింది. ఆ ముఖం చూడలేక నేను గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాను. శేషయ్య రెండు మెట్లు కిందికి దించి శ్రుతి పట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. క్యాసెట్టులోని పదును లేదు. దాని బదులు బరువుంది, గరుకుంది, మాటమాటకీ ఊపిరి తీసుకునే తీరిక ఉంది. పాట పూర్తిగా పాడింది.

“ఆ పిల్లను అట్లనే రానియ్యండి. స్పీడు ముట్టుకోవద్దు” అంది నాతో. తర్వాత అన్నవైపు తిరిగింది. “నువ్వు మాత్రం నన్ను అడిగి ఇయ్యాల్సింది.”

“అడిగితే వద్దంటావని...”

“అంటా. తర్వాత ఒప్పుకుంటా. అయినా అడగాల.”

శేషయ్య తల వంచుకుని, “తప్పేలేమ్మా” అన్నాడు. టీ వచ్చింది. గ్లాసు సగమయ్యాక ఆమె మళ్ళీ నావైపు చూసింది. “తమ్ముడూ, ఆ ఎల్పీలో ఇంకో పాటకు జాగా ఉంటాదా? ఇప్పుడు పాడింది కూడా ఎయ్యమను.”

అక్కడినుంచే మిత్రుడికి ఫోన్ చేశాను. రెండో వైపున కాస్త ఖాళీ ఉందన్నాడు. రికార్డింగుకు మైకు, మనిషీ తన ఖర్చేనన్నాడు. పెట్టె తిత్తి ఎవరిచేత కుట్టించాలన్న దాని మీద అన్నాచెల్లెళ్ళు అప్పుడే వాదనకు దిగారు. చీకటి పడకముందే ఆమెను మార్కాపురం బస్సెక్కించాం. నేను బస్టాండు దగ్గరి లాడ్జిలో గది తీసుకున్నాను. గది చిన్నది, దుప్పటి శుభ్రంగా ఉంది.

పొద్దున ఇడ్లీ, కారప్పొడి తిని గుంటూరు రైలెక్కాను. ఈ దారిలో మీరూ రావాలనుకుంటే ఎండలు ముదరకముందే రండి. నీళ్ళ సీసా నింపుకోండి. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల దగ్గర సిగ్నలు రాదు. ఇక్కడి మనుషులు మొహమాటానికి మెచ్చుకోరు. నచ్చకపోతే చెవిలోంచి పీకేస్తారు. నచ్చితే మళ్ళీ పెట్టమంటారు. పాటల గురించి రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

కంభం దాటుతుండగా ఈ నెల శీర్షిక రాయడం మొదలుపెట్టాను. పాత ఆల్బమ్‌లకు ఎప్పుడూ చివరి పేరానే ఇచ్చేవాణ్ణి. ఈసారి ‘గాలిదుమ్ము’ను అన్నిటికంటే పైన పెట్టి, ఎంత రాసినా ఎక్కువే అనిపించి, రెండే వాక్యాలు ఉంచాను.

“స్పీడు సరిగ్గానే ఉంది. వినండి.”