తాతయ్య చివరి మాటలో ఒక అక్షరం

నా చిన్నప్పుడు మా సంఘంలో ఎవరైనా చావుబతుకుల్లో ఉన్నారంటే, చూడడానికి వచ్చినవాళ్ళు చెవులు రిక్కించుకుని మంచం పక్కన కూర్చునేవాళ్ళు. కావలికి తూర్పున, కాలవకు ఇవతలి గట్టున ఉన్న పల్లె మాది. బల్లకట్టు మీద కాలవ దాటితే ఇసుక, సరుగుడు తోపులు, సముద్రం, చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఊళ్ళు. మాది క్రైస్తవుల వీధి. మాలో ఎవరు పోయినా సమాధి దగ్గర వాళ్ళ చివరి మాట చెప్పడం ఆనవాయితీ. పోయిన మనిషి ఏమని కన్ను మూసిందో దగ్గరున్నవాళ్ళు లేచి చెబితే, అందరూ కళ్ళు తుడుచుకుని, ఆ మాటనే నెలల తరబడి తలుచుకునేవాళ్ళు. మంచి మాటతో పోకపోతే ఇంటివాళ్ళకు తలవంపులే. మా వీధిలో ఒకామె మజ్జిగలో ఉప్పు వెయ్యలేదని కోడలిని విసుక్కుంటూ పోయింది. ఆమె కొడుకు అమాయకుడు, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ ఉప్పు మాట అతన్ని చాలా ఏళ్ళు వదల్లేదు.

ఈ ఆనవాయితీని అంతగా పాకించింది మా తాతయ్యే. ఆయన ఉపదేశి. ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాడు. మనుబోలు నుంచి కావలి దాకా మా వాళ్ళలో ఆయన గొంతు ఎరగని ఇల్లు లేదు. ఆయన దగ్గర బైండు చేయించిన నోటుబుక్కు ఒకటి ఉండేది. అందులో పేరుమోసినవాళ్ళ చివరి మాటలు రాయించి పెట్టుకునేవాడు. కిటికీ తెరవమన్న కవి, కాళ్ళు చల్లబడుతున్నాయి దుప్పటి కప్పమన్న చక్రవర్తి, తనను ఉరి తీసేవాడి పిల్లల క్షేమం అడిగిన భక్తుడు, ఇలా ఎందరో. వాళ్ళలో ఒకరి కథ చెప్పకుండా ఆయన ప్రసంగం ముగిసేది కాదు. బతుకంతా బొంకినవాడు కూడా ఆఖరు మాట బొంకడని చెప్పేవాడు. నేను నమ్మాను. పోయేవాడు బొంకకపోతేనేం, పక్కనున్నవాళ్ళు ఉన్నారు కదా అన్న సంగతి అంత చదివిన మనిషికి తట్టలేదు.

ఆ నోటుబుక్కులో రాత అంతా మా మేనత్తది. మా నాన్నకు ఒక్కతే చెల్లెలు. తాతయ్య చెబుతుంటే గుండ్రటి అక్షరాలతో రాసేది. ఆమె కాలవ అవతల వేటకు వెళ్ళే ఒక హిందూ ఇంటి కుర్రవాణ్ణి ఇష్టపడి, ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకుంది. తరువాతి ఆదివారం ఆరాధనలో తాతయ్య అందరి ముందూ లేచి, తనకు కూతురు లేదన్నాడు. ఆ మాటతో ఆయన పేరు ఇంకా పెరిగింది. దేవుడి కోసం కన్నకూతురిని వదులుకున్నవాడని చుట్టుపక్కల ఊళ్ళలో గొప్పగా చెప్పుకున్నారు. ఆరేళ్ళు మా ఇంట్లో ఎవరూ ఆమె పేరు ఎత్తలేదు. కాకపోతే అటు వైపు నుంచి రొయ్యలమ్మే ఆమె మా వాకిట్లో గంప దించినప్పుడల్లా తాతయ్య బయటికి వచ్చి నిలబడేవాడు. వేట ఎలా ఉంది, గాలి ఎలా ఉంది, అక్కడి పిలకాయలకు జ్వరాలేమైనా తగిలాయా అని అడిగేవాడు. రొయ్యలు ఆయన ఒంటికి పడవు.

నయాపైసలు కొత్తగా చేతికొస్తున్న రోజుల్లో ఆయన మంచాన పడ్డాడు. నాకప్పుడు పదేళ్ళు. ఒక రోజు పొద్దున మా నాన్న బడిలో ఉన్నాడు, ఆయన మిషన్ బడిలో పంతులు. అమ్మ నీళ్ళకు వెళ్ళింది. నేను తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. తాతయ్య కళ్ళు తెరిచి వాకిలి వైపు చూశాడు.

"మీ అత్త వచ్చినాదా పాపా?"

రాలేదన్నాను. ఆయన మళ్ళీ చాలాసేపు వాకిలి వైపే చూశాడు. ఆ తరువాత స్పష్టంగా, చిన్న గొంతుతో, "ఇంటికి రమ్మన్నానని చెప్పు" అన్నాడు. ఇక మాట్లాడలేదు. అమ్మ బిందె దించి వచ్చి చూసేసరికి అంతా అయిపోయింది.

మా నాన్న బడి నుంచి పరుగున వచ్చాడు. ఏడవవలసినంతా ఏడ్చాక నన్ను వసారాలోకి తీసుకెళ్ళి, తాతయ్య చివరికి ఏమన్నాడని అడిగాడు. నేను ఆ రెండు మాటలూ పొల్లుపోకుండా చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. తాతయ్య తరువాత ఆ ఉపదేశం పని తనకు రావాలని మా నాన్న ఎదురుచూస్తున్నాడు. కూతురు లేదన్న మనిషి కూతురినే పిలుస్తూ పోయాడంటే సంఘం ఏమనుకుంటుంది? ఇవి నాకు తరువాతెప్పుడో అర్థమైన సంగతులు.

అప్పుడు ఆయన నన్ను పలక తెమ్మన్నాడు. "ముందు అడిగింది ముందుమాట. ఆఖరు మాటంటే ఆఖరుదే గదమ్మా. అది రాయి" అన్నాడు. నేను రాశాను. ఇంటికి రమ్మన్నానని చెప్పు. ఆయన బొటనవేలు తడి చేసుకుని, మధ్యలో ఉన్న 'న' ఒక్కటీ తుడిచి, ఆ చోట 'డ' రాశాడు.

"తాతయ్యకు పళ్ళు లేవు గదా, డ పలకదు. నీకు న మాదిరి వినపడింది. ఇప్పుడు చదువు."

ఇంటికి రమ్మన్నాడని చెప్పు. చదివాను. ఒక్క అక్షరం మారేసరికి పిలిచినవాడు దేవుడయ్యాడు, ఇల్లు పరలోకమైంది, మా అత్త ఆ మాటలోంచే వెళ్ళిపోయింది. నాన్న నన్ను ఒడిలోకి తీసుకుని తల నిమురుతూ పదిసార్లు చదివించాడు. ఎక్కాలు తప్పితే తొడపాశం పెట్టే మనిషి, ఏ పాఠమూ నాకంత ప్రేమగా చెప్పలేదు. పదోసారికి నాకే అనుమానం వచ్చింది, తాతయ్య నిజంగా 'డ' అనే అన్నాడేమోనని.

మర్నాడు సమాధుల తోట నిండా జనం. గూడూరు నుంచి కూడా వచ్చారు. నన్ను బల్ల మీదికి ఎక్కించారు. జెముడు కంచె బయట అత్త ఒక్కతే నిలబడి ఉంది, చీర నడుం దాకా తడిసి ఉంది. బల్లకట్టు కోసం ఆగకుండా కాలవలో దిగి వచ్చినట్టుంది. నేను ఆమెను చూస్తూనే నేర్చుకున్న మాట చెప్పాను. జనమంతా ఒక్కసారిగా ఆమెన్ అన్నారు. ఎంత గొప్ప సాక్ష్యమని పెద్దవాళ్ళు మా నాన్న చేతులు పట్టుకున్నారు.

అందరూ వెళుతుండగా అత్త కంచె దగ్గరే నన్ను ఆపింది. మా నాన్న చెయ్యి నా భుజం మీద ఉంది. ఆమె ఆయన్ను చూడలేదు.

"నా ఊసేమన్నా ఎత్తినాడా పాపా? తిట్టినా సరే, చెప్పు."

భుజం మీద చెయ్యి బిగుసుకోలేదు, అలాగే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఎత్తలేదత్తా అన్నాను. ఆమె తల ఊపి, తడి కుచ్చిళ్ళు పిండుకుని, కాలవ వైపు నడిచింది. మా నాన్నకు ఆ ఏడే ఉపదేశం పని వచ్చింది. తాతయ్య సమాధి రాయి మీద ఆ మాట చెక్కించాడు.

నేను కావలిలో పంతులమ్మ ట్రైనింగు చదివేటప్పటికి ఆ అబద్ధం గొంతులో ముల్లులా తయారైంది. ఒక సెలవు రోజున కాలవ దాటి అత్త ఊరికి వెళ్ళాను. ఆమె వాకిట్లో కూర్చుని వల చిరుగులు అల్లుతోంది. మనిషి వయసుకు ముందే ముసలిదయింది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. వాకిలి వైపు చూడడం, ఆమె వచ్చిందా అని అడగడం, పలక, తుడిచిన అక్షరం, ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఆమె అల్లడం ఆపి విన్నది. ఆమె కూడా ఏడుస్తుందని, నన్ను కొడుతుందని, ఏదో ఒకటి చేస్తుందని చూశాను. ఆమె నవ్వి నా చెంపలు తుడిచింది.

"నా బాధ చూడలేక ఇంత దూరం వచ్చి ఈ మాట అల్లినావా పాపా? మంచిదానివి. ఆ పొద్దు అంతమంది ముందర నీ నోటితోనే విన్నాను గదమ్మా. పదేళ్ళ పిల్ల బొంకతాదా? రాయి మీద కూడా చదువుకున్నాను. నాయన నన్ను పిలవలేదులే. దానికి నేను అలవాటు పడిపోయినాను."

ఒట్టు పెట్టుకున్నాను. బతిమాలాను. ఎంత బతిమాలితే అంత జాలిగా చూసింది నన్ను. చేపల పులుసు చేసి అన్నం పెట్టి, చీకటి పడకముందే బల్లకట్టు దాకా వచ్చి ఎక్కించింది. ఆమె చనిపోయేదాకా ఏడాదికి ఒకసారైనా వెళ్ళేదాన్ని, ఆ సంగతి మాత్రం ఆమె నన్ను మళ్ళీ ఎత్తనివ్వలేదు. తండ్రికి తాను అక్కర్లేదన్న నమ్మకంతోనే పోయింది. ఆ నమ్మకం ఆమెకు ఇచ్చింది నేను. తిరిగి తీసుకోవడం నా వల్ల కాలేదు.

మా నాన్న పోయేటప్పుడు కూడా దగ్గర ఉన్నది నేనే. అప్పటికి ఆయనా పేరున్న ప్రసంగీకుడు. చివరి గంటలో తెలివిగానే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఒక మాట అన్నాడు. మంచి మాట, సంఘమంతా తరతరాలు చెప్పుకోదగ్గ మాట. బయట వసారాలో పెద్దలు నోటుపుస్తకాలు పట్టుకుని కాచుకుని ఉన్నారు. అయ్యగారు చివరికి ఏమన్నారమ్మా అని అడిగారు.

ఏమీ అనలేదని చెప్పాను. ఈసారి నాకు ఎవరూ నేర్పలేదు. కన్నతండ్రికి అంత పని చేశానే అని కొన్ని రోజులు బాధగా ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. ఆ మాట ఈనాటికీ నా ఒక్కదాని దగ్గరే ఉంది, ఎవరికీ ఇవ్వను.