చూసినావా, విన్నావా?

శింగనమల దగ్గరి పల్లెలో ఒక పాస్టరు గారుండేవారు. ఎవరేం చెప్పినా ముందు ఒకటే అడిగేవారు: "చూసినావా అప్పా, విన్నావా?" విలేకరిగా నేను అడగాల్సిన ప్రశ్న అది.

ఎండిపోతున్న వేరుశనగకు ఆయన ప్రార్థనతో వాన వచ్చిందని సంఘస్థులు కబురు పెడితే వెళ్ళాను. "అయ్యగారు మోకాళ్ళ మీదుండంగానే చినుకు పడింది, రాసుకో నాయనా" అంది ఒక పెద్దామె.

ఆయన తల అడ్డంగా ఊపారు. "మోడం ముందే పట్టిండె కదమ్మా. నేను మోకాళ్ళూనింది తర్వాత. అది గూడా రాయప్పా."

"నువ్వే ఇట్లంటే మందిరానికి ఎవురొస్తారయ్యా?" ఆమెకు కోపం వచ్చింది. అప్పటికే కొన్ని కుటుంబాలు పక్కూరి స్వస్థత కూటాలకు మళ్ళాయి.

నేను ఉడికించాను. "మీ సువార్తలు మాత్రం కలుస్తాయా? యేసు సమాధి దగ్గర ఒక దూత అని ఒకరు, ఇద్దరని ఇంకొకరు. ఎట్లా నమ్ముతారు?"

ఆయన నవ్వారు. "కలవవు. కలపాలని ఎవురూ దిద్దలేదు. ఖాళీ సమాధి చూసిన ఆడోళ్ళు భయపడి పారిపోయినారని గూడా రాసి పెట్టినారు. గొప్ప కోసం రాసేటోడు ఆ మాట ఉంచుతాడా? అందుకే నమ్ముతా."

ముందే మబ్బు పట్టిన సంగతి నేను రాశాను. పత్రిక డెస్కులో ఆ మాట కొట్టేశారు. ప్రార్థనతోనే వాన పడిందని అచ్చయింది.

నెల తర్వాత ఒక ఆదివారం వెళితే మందిరంలో చాపలు సగం ఖాళీగా ఉన్నాయి. గోడకు నా వార్త కత్తిరించి అతికించారు. దాని కింద బాల్‌పెన్నుతో ఆయన చేతిరాత: "మోడం ముందే పట్టింది. నేను చూసినాను."