సేనాపతి ద్రోహానికి కారణం వెతుకుతూ ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు

ఆదోని కోటకు నేను పోయింది చరిత్ర మీద మోజుతో కాదు. కొండలెక్కడమంటే నాకు మొదటి నుంచీ బద్ధకమే. గుంతకల్లు రైల్వేలో గుమాస్తా పని చేసుకుంటూ ఒక నాటకం రాశాను. యుద్ధాలన్నీ గెలిచి, రాజ్యమంతా నెత్తిన పెట్టుకున్న సేనాపతి చివరికి శత్రువుకు కోట తలుపు తీస్తాడు. అదీ కథ. సేనాపతి వేషం ఎమ్మిగనూరు మగ్గాల వీధి పెద్ద వీరన్నది. ఆ వీధిలోనే ఆట రెండు రోజులుందనగా అతను కబురు పెట్టాడు. 'అంత మొనగాడు తలుపెందుకు తీసినాడో తెలిసేదాకా మొహానికి రంగు పూసుకోను' అని. ఒక నిజమైన కోట గుమ్మం దగ్గర నిలబెడితే అతనికీ, నాకూ ఏమైనా తడుతుందేమోనని ఆదోనికి రమ్మన్నాను.

ఆట రోజు పొద్దున్నే ప్యాసింజరు బండి దిగేసరికి, అద్దెకు తెచ్చిన వేషాల మూట, రేకు కత్తి పట్టుకుని వీరన్న స్టేషను బయట నిలబడి ఉన్నాడు. జట్కా ఎక్కాం. మా గొడవ విని బండి తోలే సాహెబు వెనక్కి తిరిగాడు.

"పైసల కోసమే సామీ, ఇంకేముంటాది?"

"థూ! అన్ని రాజ్యాలు కొల్లగొట్టినోనికి పైసలు కరువా?" అన్నాడు వీరన్న.

కొండ కింద వేడి వేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. మా మాటలు విని, పొట్లం కట్టి ఇస్తూ అంగడి ఆమె కూడా ఒక మాట వేసింది.

"ఆడదాని కోసం తీసుంటాడులే నాయనా."

"ఓయమ్మా, నా పెండ్లాం ముందు వరసలో కూసోనుంటాది. నా కొంప ముంచొద్దు తల్లీ!" అని వీరన్న దండం పెట్టాడు.

ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఎండ ముదరకముందే కొండెక్కితే పైన గాలి హాయిగా ఉంటుంది. కింద దూది మిల్లుల పొగగొట్టాలు, ఆ పక్కన నల్లరేగడి చేలు కనుచూపు మేర కనిపిస్తాయి. వీరన్న గుమ్మం రాతి మీద చెయ్యి వేసి తడిమాడు.

"ఇంత కోటను సేతులారా ఎట్ల ఇస్తాడన్నా?" అని అడిగాడు.

మధ్యాహ్నం బస్సులో ఎమ్మిగనూరు చేరాం. టిక్కెట్టు పది అణాల లోపే, ప్రయాణం గంట పైచిలుకు, దుమ్ము మాత్రం ఉచితం. వీరన్న మేనత్త నాగమ్మ ఇంట్లో ఆవేళే మనవరాలికి తాంబూలాలు మార్చుకుంటున్నారు. నన్నూ లాక్కుపోయాడు. ఆ వీధిలో ఏ శుభకార్యమైనా మొదటి తాంబూలం వీధి పెద్దకే. నాగమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. వీరన్న తువ్వాలు సర్దుకుని రెండు చేతులూ చాచాడు. పళ్ళెం అతన్ని దాటి, కారులో దిగిన పెళ్ళికొడుకు మేనమామ దగ్గరికి పోయింది. వీరన్న చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. లేచి బయటికి నడిచాడు.

నేను వెనకే అతని ఇంటికి పరిగెత్తాను. దూరాన ఉన్న ఆస్పరి నుంచి కూడా ఎద్దుల బండ్లు కట్టుకుని జనం వస్తున్నారు. ఇప్పుడు ఇతను అలిగితే ఆట గతేం కాను!

"ఆటా వద్దు, ఏమీ వద్దు. ఈ ఈదికి నేనెంత సేసినాను! నన్ను దాటుకోని పోతాదా పళ్ళెం? ఈల్ల కొంపలు కూలిపోనీ!" అంటూ తన మగ్గం మీద చరిచాడు. చరిచినవాడు ఠక్కున ఆగాడు. నోరు తెరుచుకుని నా వైపు చూశాడు.

"అన్నా... వాడు తలుపు తీసింది ఇందుకే కదా?"

ఆనందం పట్టలేక అతన్ని కావలించుకున్నాను. అప్పటికప్పుడు కొత్త రంగం అల్లాం. విజయసభలో మొదటి తాంబూలం సేనాపతిని దాటి రాజుగారి బావమరిదికి పోతుంది.

పెట్రోమాక్సు దీపాలు వెలగగానే ఆట మొదలైంది. పళ్ళెం దాటిపోగానే జనం 'అయ్యో' అన్నారు. ఆ చాచిన చేతులతోనే వీరన్న కోట తలుపు దాకా నడిచి గడియ మీద చెయ్యి వేశాడు. ముందు వరసలో ఉన్న నాగమ్మ గబుక్కున లేచి వేదిక ఎక్కింది. నడుముకున్న సంచిలోంచి ఆకూ వక్కా తీసింది.

"ఒరే వీరా, తప్పు నాదేరా. ఇదో, ముందు నీకే. ఆ తలుపు మాత్రం తియ్యొద్దు నాయనా!"

ఊరంతా ఈలలు. తెర వెనక నుంచి నేను "తియ్యి, గడియ తియ్యి!" అని మొత్తుకున్నాను. బల్లేలు పట్టుకున్న శత్రుసైన్యం నలుగురూ "తీయప్పా, ఎంతసేపు నిలబడల్ల?" అని గొణిగారు. వీరన్న రెండు చేతులా ఆకు అందుకుని కళ్ళకద్దుకున్నాడు. కళ్ళనీళ్ళతో నా వైపు తిరిగాడు.

"తియ్యనన్నా. ఇంక నాతో కాదు."

తెర దించేశాం. కథంతా తలకిందులైనా అంత సంతోషం నేనెన్నడూ ఎరగను. మర్నాడు తిరుగు బస్సులో కూర్చుని ఆలోచించాను. నేను రాసిన సభలో రాజున్నాడు, మంత్రులున్నారు, అంతమంది భటులున్నారు. ఒక్కరు లేచి తప్పయిందని చెప్పి ఉంటే ఆ సేనాపతి ఆ కోటను కాస్తూనే ముసలివాడయ్యేవాడు.

మీరూ ఆట చూడబోతే ఒక దుప్పటి వెంట పెట్టుకోండి. ఆదోనికి చివరి బస్సు ఆట అయ్యేదాకా ఆగదు. పడుకోవడానికి అరుగు మాత్రం అడగక్కర్లేదు, మగ్గాల వీధి వాళ్ళే పిలుస్తారు.