మరదలి చెయ్యి ఉన్న ఫోటోలు

నా తోడల్లుడు సొంతవాడినని కూడా చూడకుండా నా మీద కంప్లైంట్ పెట్టాడని మా ఇళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. అసలు జరిగింది వేరు.

మా మామ లాడ్ బజార్‌లో లక్కగాజుల టోకు వ్యాపారి. అల్లుళ్లిద్దరికీ ఒకే సరుకు ఇచ్చేవాడు. రెండువేల సంవత్సరం దాటాక ఇద్దరం ఆ గాజుల్నే ఇంటర్నెట్‌లో అమ్మడం మొదలుపెట్టాం. గాజులు అవే, ధర అదే. ఆయనవి అమ్ముడుపోయేవి, నావి పడి ఉండేవి. మొఘల్‌పురాలో ఆయన ఇంటి ముందు కొరియర్ బండి ఆగిందని ఎవరన్నా అంటే జహనుమాలో మా ఇంట్లో నాకు అన్నం సయించేది కాదు.

తేడా ఫోటోల్లో ఉంది. నేను గాజుల్ని పాత పేపరు మీద పెట్టి తీసేవాణ్ణి. ఆయన పొద్దుటి ఎండలో, డాబా మీద, భార్య చేతికి తొడిగి తీసేవాడు. ఆమె నా మరదలు.

చివరికి ఆ ఫోటోలే దించుకుని, మూలనున్న ఆయన దుకాణం పేరు కత్తిరించి, నా పేజీలో పెట్టుకున్నాను. బజారులో ఒకరి షోకేసు చూసి పక్కవాడు అచ్చం అలాగే పెట్టుకుంటాడు, ఎవరూ ఏమనరు. ఇదీ అంతే అనుకున్నాను. నా భార్య మాత్రం తెర చూడగానే పట్టేసింది.

"ఇది మా చెల్లె చెయ్యి గదా! ఏం, నాకు చెయ్యి లేదా?"

"ఆయన్ని అడిగే పెట్టిన. గాజులు చూస్తరు గానీ చెయ్యెవలు చూస్తరు?"

నా పేజీ వేరే పేరు మీద ఉండేది. తన భార్య చెయ్యి ఉన్న ఫోటోలు ఎత్తుకుపోయి ఎవడో గాజులమ్ముతున్నాడని ఆయన వెబ్‌సైటువాళ్లకు రాశాడు. వాళ్లు నా సరుకంతా తీసేశారు. కాపీరైటు ఫిర్యాదు చేసినవాడే వెనక్కి తీసుకోవాలి, లేకపోతే ఖాతా మూసేస్తామని మెయిల్ పంపారు. అందులో ఆయన పేరుంది. అప్పటికి నా గాజుల కొట్టు ఎత్తేసి ఆ పేజీ మీదే బతుకుతున్నాను. నా భార్య ఏడుస్తూ వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది: ఫోటోలిచ్చిందీ చెల్లె మొగుడే, కంప్లైంట్ పెట్టిందీ ఆయనే అని.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్లాను.

"మామ ఫోన్ల మస్తు తిట్టిండన్నా. అప్పటిదాక అది నువ్వని తెల్వనే తెల్వదు. ఎవడో లుచ్చాగాడు అనుకున్న." కుర్చీ నా వైపు జరిపాడు. "అడిగితే ఇయ్యకపోదునా?"

"అడగబుద్ధి కాలేదు."

ఆ వ్యవహారం మొత్తంలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

"పైసలొద్దు, ఏమొద్దు. ఫోటోలు తీసెయ్. అడగకుండ తీసుకున్ననని మామకు నువ్వే చెప్పు. గంతే."

సరేనన్నాను. ఆయన నా ముందే కంప్యూటర్ తెరిచి, గొడవ సమసిపోయింది, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని వెబ్‌సైటువాళ్లకు మెయిల్ రాశాడు. నా ఖాతా తెరుచుకుంది.

ఆ ఆదివారం మామ ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. తోడల్లుడు ఆఖర్న లోపలికి రాగానే మామ అందుకున్నాడు.

"రావయ్యా, కంప్లైంటు అల్లుడా! ఇయ్యాల ఎవరి మీద రాస్తున్నవ్?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి నా వైపు ఒక్కసారి చూశాడు. తిట్లు తిన్నవాడు అంత తేలిగ్గా ఎలా నవ్వుతాడని ఆ నవ్వు మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. నేను నోరు విప్పి జరిగింది చెబితే ఇంతకాలం వ్యాపారంలో నెగ్గినవాడు ఆ ఇంట్లో కూడా నెగ్గుతాడు.

పప్పు ఇంకాస్త వెయ్యమని కంచం ముందుకు జరిపాను.