బూట్లు పక్కన పెట్టుకుని కూర్చున్న రోజు

శ్రీరాంపూర్ బొగ్గుబావుల్లో ఒక పద్ధతి ఉండేది. ఒకరికి అన్యాయం జరిగితే ఆ షిఫ్టువాళ్లెవరూ బావిలోకి దిగరు. టోపీ లైట్లు తీసుకోకుండా బావి మీదే కూర్చుంటారు. మా నాన్న, అదే మా బాపు, బావిలో పనిచేసినన్నాళ్లూ ఆ ముచ్చట్లు వింటూ పెరిగాను. లోకమంతా అంతేననుకున్నాను, పిచ్చివాణ్ని.

మా కాలనీ గ్రౌండ్‌లో బంతి తన్ని తన్ని, చివరికి ఎక్కడో సముద్రం పక్క ఊళ్లో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌లో చేరాను. రెండో సీజన్లో, ఒప్పందంలో రాసిన జీతం కోసేశారు. అయితే నన్ను వేరే క్లబ్‌కు పంపించండి అన్నాను. ఒప్పందం ముగిసేదాకా కదిలేది లేదన్నారు.

బాపుకు ఫోన్ చేశాను.

"నువ్వు దిగకు, కూసో. నిన్ను జూసి అందరు కూసుంటరు. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

మ్యాచ్ రోజు మామూలు బట్టల్లో వెళ్లి, బూట్లు పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. జట్టంతా ఒకే కంచంలో తిన్నవాళ్లం. ఒక్కొక్కరే నా ముందు నుంచి మైదానంలోకి పోయారు. నా గదిలో ఉండే అతనే నా చోట ఆడాడు. పోతూ పోతూ నా భుజం కూడా తట్టాడు. కోపం రావాల్సింది, రాలేదు. అసలేమీ రాలేదు. గెలిచాక నన్నూ ఫొటోలోకి పిలిచారు. వెళ్లి నిలబడ్డాను.

సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. "ఎంతమంది కూసున్నరు?"

"ఎవ్వరు కూసోలే, బాపు."

"గంతమందిల ఒక్కడు గూడ?"

ఆయనకు అర్థం కాలేదు.

ఊరికే కూర్చున్నవాణ్ని మేపడం దండగనుకున్నారేమో, కొన్నాళ్లకు నన్ను ఇంకో క్లబ్‌కు ఇచ్చి, బదులుగా వాళ్ల ఆటగాణ్ని ఒకణ్ని తెచ్చుకున్నారు. నేను కోరుకున్నదే జరిగింది. సంతోషం మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

అక్కడ మొదటి మ్యాచ్‌కు తయారవుతుంటే మళ్లీ బాపు ఫోన్.

"ఆడ మంచోళ్లేనా?"

"మంచోళ్లే."

"రేపు నీకేమన్నయితే కూసుంటరా?"

గదిలో అందరూ తలలు వంచుకుని లేసులు కట్టుకుంటున్నారు.

"కూసోరు, బాపు."

"మరి వాళ్లకేమన్నయితే నువ్వు?"

బయట పేర్లు పిలుస్తున్నారు. ఫోన్ సంచిలో వేసి, నేనూ లేసులు కట్టుకున్నాను.